కాకి గొంతు కోసినవాడు

వైండింగ్ అక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు ఆమె మెల్లగా మాట్లాడుతోందంటే చల్లబడిందనుకుని దగ్గరికి జరుగుతారు. జరిగాక తెలుస్తుంది. మోటారు కాల్చుకొచ్చి, "నిన్న మీరు చుట్టిందే, అప్పుడే పోయింది" అని దబాయించిన ఒక పిండిమర ఆసామితో ఆమె అంతే మెల్లగా, "తిరగలి రాయి ఇరుక్కుపోయినా స్విచ్చి ఆపకుండా ఎంతసేపు నిలబడ్డావు బాబూ?" అని అడిగింది. అతను మళ్ళీ ఆ వీధిలో కనిపిస్తే ఒట్టు.

ఆ పేరు ఆమెకు పనివల్ల వచ్చింది. తండ్రి నడిపిన షట్టరు కొట్లోనే ఆమె పెరిగింది, ముసలిదయింది. కాలిపోయిన మోటారును విప్పి, మాడిన రాగితీగను కోసి పీకేసి, గాడులు గీకి, కాగితం పరిచి, కొత్త తీగ చుట్టి, కొసలను నూలుదారంతో బిగించి, వార్నిషులో ముంచి ఆరబెట్టడం. జీవితమంతా అదే పని. తలంటుకున్నా జుట్టులోంచి వార్నిషు వాసన పోయేది కాదు. ఆ వాసన చూసే పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు చాలామంది కాఫీ తాగి వెళ్ళిపోయారు. చివరికి వచ్చిన ఆయన ఒంటినిండా ఈస్టు వాసనే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఆయన బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే మాస్టారు.

తమ్ముడు చిన్నవాడిగా ఉండగానే తల్లి పోయింది. అన్నం కలిపి పెట్టిందీ, జ్వరం వస్తే ఒళ్ళో వేసుకుని కూర్చున్నదీ, కొట్లో కూర్చోబెట్టి పని నేర్పిందీ అక్కే. వాడు నవ్వితే అప్పటిదాకా చేసిన వెధవపనులన్నీ మాఫీ. ఆ నవ్వు పెట్టుబడిగానే తర్వాత ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే షోరూములో చేరి పైకొచ్చాడు. వాడిలో ఒక్కటే తేడా. "ఇక చాలు" అని చెప్పేది ఏదైనా వాడికి పడదు. చిన్నప్పుడు అలారం గడియారాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పడేసేవాడు. బైకు పెట్రోలు ముల్లు కిందికి దిగితే దానిమీద స్టిక్కరు అంటించాడు. అక్క అప్పుడు పగలబడి నవ్వింది. నవ్వకుండా రెండు తగిలించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మాస్టారికి పిండి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నడుం వాల్చాడంటే ముక్కుకు మాస్కు, పక్కన గాలి నెట్టే చిన్న మెషిను ఉండాల్సిందే. పని మానేశాక ఆయనకు ఒకటే కోరిక మిగిలింది. జీవితమంతా తెల్లవారకముందే పొయ్యి ముందు నిలబడ్డవాడు కదా, చెట్ల మధ్య, నీళ్ళ పక్కన, ఎవరూ లేపకుండా నిద్రపోవాలి. అందుకని ఇద్దరూ కలిసి ఒక పాత మినీబస్సు కొన్నారు. సీట్లు పీకించి మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు పెట్టించారు. పైకప్పుమీద సోలార్ పలకలు, మంచం కింద బ్యాటరీలు. వైరింగు మొత్తం అక్క చేతిమీదే. "నువ్వు కట్టిన కరెంటు కదా, నాకేం భయం" అని మాస్టారు ఆ మంచంమీద మొదటిసారి పడుకున్నప్పుడు అన్నాడు. ఆమె మోటార్లు బాగుచేసి బోలెడు పొగడ్తలు విన్నది గానీ, ఒకటీ ఇలా లోపలికి దిగలేదు.

కరెంటు స్తంభం లేనిచోట కాపురమంటే పొదుపు తెలియాలి. ఎండ బాగా ఉన్నప్పుడే నీళ్ళు పంపు చేసుకోవాలి, ఫోన్లు నింపుకోవాలి. ఫ్రిజ్ పగలు చల్లబడితే రాత్రికి ఆపేసినా పాలు విరగవు. బండిని చెట్టు నీడన పెడితే మనకు హాయి, పలకలకు పస్తు. అన్నిటికన్నా మాస్టారి మెషినుకు మొదటి హక్కు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏదో రోజు మబ్బు పడుతుంది, ఏదో స్విచ్చి మర్చిపోతారు. అందుకే ఆమె బ్యాటరీల దగ్గర ఒక బజరు బిగించింది. బ్యాటరీ హద్దు దాటి దిగిందంటే అది కావుకావుమని ప్రాణం తీస్తుంది. లేచి ఫ్రిజ్ ఆపితే ఊరుకుంటుంది. ఆపకపోతే కాసేపటికి బ్యాటరీ చచ్చిపోకుండా మొత్తం కరెంటే తెగిపోతుంది. దానికి మాస్టారు కాకి అని పేరు పెట్టాడు. మంచి నిద్రలో అది అరిచినప్పుడల్లా అక్క, "దీని గొంతు కోసేస్తాను ఒకరోజు" అని తిట్టుకుంటూ లేచేది. ఆ మాట మాస్టారు చాలాసార్లు విన్నాడు. తిప్పలన్నీ అక్కడే వచ్చాయి.

ఒకసారి తమ్ముడు తన స్నేహితులతో తిరిగొస్తానని బండి అడిగాడు. ఇచ్చింది. ఇవ్వకుండా ఎలా ఉంటుంది, తన చేతులమీద పెరిగినవాడు. వాడు బండిని తళతళా కడిగి, ముందు సీట్లో ఒక బుట్టెడు పళ్ళు పెట్టి మరీ తిరిగిచ్చాడు. "ఏం ఇబ్బంది పెట్టలేదక్కా, బంగారం లాంటి బండి" అన్నాడు. ఆ తర్వాత దంపతులిద్దరూ అడవి అంచుకి వెళ్ళారు. రోజంతా ముసురు. ఫ్రిజ్ నడుస్తూనే ఉంది, అరిస్తే ఆపుదాంలే అనుకుంది అక్క. కాకి అరవలేదు. ఇంకా వెలుతురు రాకముందే మాస్టారు మాస్కు పట్టుకుని గింజుకుంటున్న చప్పుడుకి ఆమెకు మెలకువ వచ్చింది. మెషిను ఆగిపోయి ఉంది. మాస్కు పీకేసి, ఇంజను స్టార్టు చేసి, మాస్కు మళ్ళీ పెట్టి, ఆ కరెంటుతో మెషిను నడిపిస్తూనే దొరికిన మొదటి ఆసుపత్రి దాకా బండి తోలింది. దారిపొడవునా వెనక్కి తిరిగి చూడాలని ఉంది, భయమేసి చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందో అని.

మాస్టారు బతికాడు. ఇంటికొచ్చాక ఆయన ముందే ఆమె బండిలో మంచం కింద పలక ఎత్తింది. కాకి వైరు కోసి ఉంది. కోసిన కొసకు నల్లటేపు, టేపు ఊడకుండా దానిమీద నూలుదారం చుట్టి ముడి. వేడికి టేపు జిగురు కారిపోతుందని, మీద దారం బిగించడం వాళ్ళ కొట్టు పద్ధతి. రెండు మెలికలు వేసి కొసను లోపలి నుంచి లాగే ఆ ముడి తండ్రి ఆమెకు నేర్పాడు, ఆమె తమ్ముడికి నేర్పింది. ఇంకెవరికీ రాదు. ఆమెకు చూడగానే అర్థమైంది. మాస్టారికి కూడా అర్థమైంది, కాకపోతే వేరేలా.

"ఇది నీ ముడే కదా" అన్నాడాయన.

"వాడిదండీ. వాడే కోశాడు."

తమ్ముడిని పిలిపించారు. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నేను ఆ మంచం పలక ఎత్తనే లేదు బావా. అక్కమీద ఒట్టు" అన్నాడు. ఆ ఒట్టు విని ఆమె నోట మాట రాలేదు. మాట రాకపోవడాన్ని మాస్టారు ఒప్పుకోలుగా తీసుకున్నాడు. ఆమె చేయి పట్టుకుని ఎంతో ప్రేమగా, "పోనీలే. విసుగులో కోసేసి కలపడం మర్చిపోయుంటావు. నేను ఏమీ అనుకోను. క్షమించేశాను" అన్నాడు.

చూశారా, తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు దులిపి ఉంటే ఆమె పది దులిపి తేల్చుకునేది. చేయని తప్పుకు క్షమ దొరికితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? అంతటితో ఆగలేదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ మాస్టారు, "పాపం, మర్చిపోయింది. వయసొస్తోంది కదా, ఏమీ అనకండి" అని చెప్పేవాడు. వాళ్ళు ఆమెకేసి జాలిగా చూసేవాళ్ళు. ఆ పక్కనే తమ్ముడు తలూపుతూ టీ తాగేవాడు. మాస్టారు మళ్ళీ బండి ఎక్కలేదు. "సరదా తీరిందిలే" అని ఊరుకున్నాడు గానీ, అసలు మాట అది కాదని ఆమెకు తెలుసు. ఆమె కట్టిన కరెంటుమీద ఆయనకు నమ్మకం పోయింది. ఇంట్లో కూడా ఇప్పుడు మెషిను ప్లగ్గు పెట్టాక ఆయనే లేచి ఒకసారి వైరు తడిమి చూసుకుని పడుకుంటున్నాడు. అది చూసినప్పుడల్లా ఆమెకు కడుపులో మంట.

ఆ మంటని ఆమె ఆరనివ్వలేదు. మోటారు తీగ చుట్టినట్టు పగని కూడా పొరమీద పొర, ఎక్కడా వదులు లేకుండా చుట్టుకుంటూ పోయింది. వాడి నోటితోనే చెప్పించాలి. అదీ ఆయన ముందు.

అవకాశం కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. షోరూము జీతం పెరగ్గానే తమ్ముడు తనకూ ఒక ఇల్లుబండి కావాలనుకుని వ్యాను కొన్నాడు. కొని, సిగ్గు లేకుండా అక్క దగ్గరికే వచ్చాడు.

"వైరింగు నువ్వే చేసిపెట్టాలక్కా. నీ అంత నమ్మకం నాకెవరిమీదుంది?"

"తప్పకుండా చేస్తాను నాన్నా" అంది అక్క, చాలా మెల్లగా.

వాడికి ఆ గొంతు సంగతి తెలిసే ఉండాలి. కానీ నవ్వుతో పనులు జరుపుకోవడం అలవాటైనవాడు ఎదుటివాళ్ళ గొంతు వింటాడా?

వైరింగు మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేసింది. పగ వేరు, పని వేరు. తప్పుడు జాయింటు వేయాలన్నా ఆమె చేయి రాదు. కాకిని ఒక్కదాన్నే మనసుపెట్టి ఎంచింది. ఫ్యాక్టరీలో షిఫ్టు మారినప్పుడు మోగేలాంటిది, వింటే పళ్ళు జివ్వుమనేది. దాన్ని బ్యాటరీ నిజంగా దిగకముందే, ఇంకా బోలెడు మిగిలి ఉండగానే అరిచేలా పెట్టింది. మంచం కాళ్ళవైపు, ఒక చెక్క జరిపితే చాలు అందేచోట బిగించింది. దాని పక్కనే ఒక చిన్న డబ్బాలో నల్లటేపు, కత్తెర, నూలుదారం ఉండ కూడా పెట్టి, "అవసరానికి పనికొస్తాయిరా" అంది. వాడు ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

తర్వాతి పని మాస్టారిని కదిలించడం. "తమ్ముడు కొత్త బండిలో రమ్మంటున్నాడు, రెండు రోజులు వెళ్ళొద్దాం" అంటే ఆయన, "వైరింగు నువ్వు చేసిందేగా" అని ఊరుకున్నాడు. ఆ మాట మింగి, "వాడు అంతా దగ్గరుండి చూసుకున్నాడండీ" అంది. అప్పుడు ఆయన కాస్త ఆలోచించి, "వాడు చూసుకున్నాడంటే సరే" అన్నాడు. ఆ రాత్రి ఆమె పళ్ళు నూరిన చప్పుడు మెషిను చప్పుడులో కలిసిపోయింది. తెల్లారాక ఒక బుట్ట సర్దింది. పైన తువ్వాళ్ళు, కింద నిండా నింపిన విడి బ్యాటరీ, మాస్టారి మెషినుకు సరిపడా వైరు. పగ తీర్చుకోవాలిగానీ మొగుడి ఊపిరితో ఆటలాడేంత పిచ్చిది కాదు. ఆ బుట్ట సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే మాస్టారు ఎందుకని అడుగుతాడు, ఆయనకు దాచడం చేతకాదు, ఆయన ముఖం చూసి తమ్ముడు పసిగడతాడు.

జలాశయం గట్టున బండి ఆపారు. ఆకాశమంతా మబ్బు. మబ్బు పట్టినందుకు ఆమె జీవితంలో మొదటిసారి సంతోషించింది. మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠానీలు ఒలుస్తూ తమాషా చూసింది. తమ్ముడు గొప్ప చూపించడం మొదలుపెట్టాడు. ఫ్రిజ్‌లో ఐసు గడ్డలు, గోడకు షోరూము టీవీ, టీ నీళ్ళకు కరెంటు కెటిల్. కూడా వచ్చిన వాడి భార్య తల స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకునే మెషిను పెట్టింది.

"వదినా, మీ తమ్ముడు అన్నీ ఒకేసారి వేసినా ఏం కాదంటున్నారు, నిజమేనా?" అని మరదలు అడిగింది.

"వాడికి తెలియనిదేముంది" అంది అక్క.

మధ్యాహ్నం భోజనం అయ్యాక మాస్టారు మాస్కు పెట్టుకుని లోపల నడుం వాల్చాడు. తమ్ముడు చప్పుడు తగ్గించి టీవీలో మ్యాచ్ పెట్టుకున్నాడు. పొద్దు కాస్త వాలిందో లేదో కాకి అరిచింది. గట్టుమీద కొంగలు లేచిపోయాయి. తమ్ముడు ఉలిక్కిపడి కెటిల్ ఆపాడు. అది ఊరుకుని, కాసేపాగి మళ్ళీ అరిచింది. వాడు టీవీ ఆపుతాడేమోనని ఆమె క్షణం భయపడింది. ఆపలేదు. ఫ్రిజ్ కూడా ఆపలేదు. అందులో ఐసు ఉంది మరి.

"ఏంట్రా అది?" అని బయట నుంచి అడిగింది, చేతులు బఠానీలమీదే ఉంచి.

"ఏం లేదక్కా, నేను చూస్తాలే. బావ నిద్ర పాడవుతుంది."

బావ నిద్ర! పళ్ళెం పక్కన పెట్టి ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు మంచం కాళ్ళవైపు వంగి చెక్క జరిపాడు. డబ్బా తీశాడు. కత్తెర టక్కుమంది, కాకి నోరు పడిపోయింది. వాడు టేపు చుట్టి, దారం తీసి, అలవాటు ప్రకారం రెండు మెలికలు వేసి, కొసను లోపలి నుంచి లాగి, పళ్ళతో తెంపాడు. మాస్కుపైన మాస్టారి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఇంత గోలలో ఎవరు నిద్రపోతారు?

ఆయన మాస్కు తీశాడు.

"ముడి బాగా వేశావురా" అన్నాడు.

తమ్ముడు అలాగే మోకాళ్ళమీద ఉండిపోయాడు. నవ్వబోయాడు గానీ ఈసారి అది ముఖంమీదకి రాలేదు.

"అప్పుడు కూడా నువ్వేనా?"

"బావా..." అని వాడు కత్తెర కింద పెట్టాడు. "అప్పుడూ నేనే బావా. స్నేహితులున్నారు, పాటలు పెట్టుకున్నాం, అది ఒకటే అరుపు. మళ్ళీ కలుపుదామనే అనుకున్నా. మర్చిపోయా. నిన్ను ఆసుపత్రిలో చూశాక భయమేసి చెప్పలేకపోయా."

మరదలు జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయింది. అక్క ఆమెను దాటుకుని లోపలికి వచ్చింది. ఎన్నాళ్ళుగానో నోట్లో నానబెట్టుకున్న మాట, మెల్లగా, ముత్యంలా బయటికి వచ్చింది.

"నామీద ఒట్టేశావు కదరా. నేనింకా బతికే ఉన్నాను, చూడు."

వాడు ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. "నువ్వు నన్ను అక్కా అని పిలిచే ముందు, చుట్టాలందరి ఇళ్ళకీ వెళ్ళి ఇప్పుడు చెప్పిందే చెప్పిరా. మీ బావ ఊపిరి తీయబోయింది నేను కాదని చెప్పు. ఒక్క ఇల్లు వదిలినా నాకు తెలుస్తుంది." వాడు తలూపాడు. ఏడుస్తున్నాడు. ఆమెకు జాలి వేయలేదు. ఒళ్ళంతా తేలికగా, దూది పింజలా అనిపించింది. ఇక మాస్టారు తనవైపు చూడాలి. చూసి, పొరబడ్డానని ఒక్కమాట అనాలి. దానికోసమే ఇన్నాళ్ళు కాచుకుంది.

మాస్టారు డబ్బాకేసి చూస్తున్నాడు. బేకరీ మనిషి, ఆయనకు ఏదైనా నెమ్మదిగానే పొంగుతుంది, పొంగితే మాత్రం పూర్తిగా పొంగుతుంది.

"ఈ దారం, కత్తెర ఇక్కడికెలా వచ్చాయిరా?"

"అక్కే పెట్టింది బావా. అవసరానికి ఉంటాయని."

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. ఆమె ఎదురుచూసిన చూపు కాదది.

"వీడు వైరు కోస్తాడని నీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. ఇన్నాళ్ళు నిజం చెప్పి ఏం బావుకుంది? కానీ నిజం తేల్చడానికే వచ్చి అబద్ధం ఎలా ఆడుతుంది?

"తెలుసు" అంది.

"తెలిసే నన్ను తీసుకొచ్చి, నా మెషిను ఈ బ్యాటరీకే తగిలించావా?"

"అసలు హద్దు ఇంకా చాలా కింద ఉందండీ. అది ఊరికే ముందుగా అరిచేలా పెట్టాను. పైగా బుట్టలో ఇంకో బ్యాటరీ ఉంది, నిండా ఉంది. మీకేమీ కానిచ్చేదాన్ని కాదు" అని ఆమె గబగబా వెళ్ళి తువ్వాళ్ళు విసిరేసి బ్యాటరీ తీసి చూపించింది. ఆమె గొంతు పెరిగిందని అప్పుడే ఆమెకే తెలిసింది.

"నాకు చెప్పావా?"

ఆమె బ్యాటరీని బుట్ట పక్కన దించింది.

"నేను పడుకునే ముందు చెప్పావా, ఇంకో బ్యాటరీ ఉంది భయపడకు అని? అది అరుస్తుంటే నేను ఈ మాస్కులో ఏమనుకుంటూ పడుకున్నానో తెలుసా?"

ఆయనే లేచి మెషిను ప్లగ్గు పీకి, వైరు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆమె సాయం చేయబోతే సంచి పక్కకి జరుపుకున్నాడు. తర్వాత తమ్ముడితో, "ఒరేయ్, లే. బండి తియ్. ఇంటికెళ్దాం" అన్నాడు. వాడు ముఖం తుడుచుకుని డ్రైవరు సీట్లోకి వెళ్ళాడు. మాస్టారు వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు. తన ఊపిరి ఆగిపోయేలా చేసినవాడి పక్కన. అక్క వెనక, మరదలి ఎదురుగా కూర్చుంది. ఒలిచిన బఠానీలు గట్టుమీదే ఉండిపోయాయి.

తమ్ముడు మధ్యమధ్య ముక్కు ఎగబీలుస్తున్నాడు. గెలిచింది తానే, అనుకుంది అక్క. రేపటి నుంచి చుట్టాలందరికీ నిజం తెలుస్తుంది. మతిమరుపు ముసలిదని ఎవరూ జాలిపడరు. అదంతా ఒకటికి రెండుసార్లు తనకు తానే చెప్పుకుంది. ఊరు దగ్గర పడుతుంటే ఇక ఉండలేక ముందుకు వంగి, ఆయన సీటు వెనక పట్టుకుని అడిగింది.

"నన్నేమీ అనరా?"

మాస్టారు వెనక్కి తిరగలేదు.

"అప్పుడు నువ్వేమీ చేయలేదు. అయినా క్షమించేశానన్నాను" అన్నాడు. "ఇప్పుడేమనాలో నాకు తెలియడం లేదు."